కెనడా ఆయిల్, గ్యాస్ షేర్లు: తక్కువ పీ/ఈ, 5 శాతం డివిడెండ్ చూసి కొనొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మిసిసాగాలో ఉంటున్నారు, టీఎఫ్‌ఎస్‌ఏలో (పన్ను లేని పొదుపు ఖాతాలో) కొంత డబ్బు ఖాళీగా ఉంది. కెనడియన్ నేచురల్, సన్‌కోర్, టూర్మలీన్ మీ జాబితాలో ఉన్నాయి. బ్యాంకు జీఐసీ (ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది) వడ్డీ కంటే డివిడెండ్ మెరుగ్గా కనిపిస్తోంది, పీ/ఈ (షేరు ధర, లాభానికి ఎన్ని రెట్లు అన్న నిష్పత్తి) కూడా తక్కువే. వీటిలో ఏది నిజంగా చవకో ఎలా తేల్చుకోవాలి?

సూటిగా చెప్తాను. ఈ రంగంలో పీ/ఈ, డివిడెండ్ శాతం రెండూ ఆఖర్న చూడాల్సినవి. ముందు తేలాల్సిన ప్రశ్న ఒక్కటే: డబ్ల్యూటీఐ క్రూడ్ (అమెరికా చమురు ప్రామాణిక ధర) ఎంత రేటు దగ్గర ఉంటే ఈ కంపెనీ ఉత్పత్తి తగ్గకుండా చూసుకుని, డివిడెండ్ కట్టి, కొత్త అప్పు చేయకుండా నెట్టుకురాగలదు? ఆ అంకె 45 డాలర్లయితే ఒక రకం షేరు, 65 అయితే పూర్తిగా వేరే రకం. రెండిటి పీ/ఈ ఒకటే ఉండొచ్చు. ఆ అంకెను మీ అంతట మీరు లెక్కగట్టలేకపోతే ఆ షేరు కొనకండి, ఇండెక్స్ ఫండ్ చాలు.

పీ/ఈ ఎందుకు దారి తప్పిస్తుందో ముందు చూద్దాం. డబ్ల్యూటీఐ 2014 జూన్‌లో వంద డాలర్ల పైన ఉంది, 2016 ఫిబ్రవరికి 26 డాలర్లకు పడింది. 2022 మార్చిలో 120 దాటింది. లాభాలు ఈ ఊపులో ఊగుతాయి కాబట్టి పీ/ఈ అన్నిటికంటే తక్కువగా కనిపించేది చమురు ధర శిఖరం మీద ఉన్నప్పుడే. అంటే కొనడానికి అన్నిటికంటే చెడ్డ సమయంలోనే షేరు అన్నిటికంటే చవకగా కనిపిస్తుంది.

దీనికి తోడు అకౌంటింగ్ చిక్కు ఒకటుంది. కెనడా కంపెనీలు ఎక్కువగా ఐఎఫ్‌ఆర్‌ఎస్ అనే అంతర్జాతీయ అకౌంటింగ్ పద్ధతి పాటిస్తాయి. అందులో ధర పడినప్పుడు ఆస్తుల విలువ తగ్గించి నష్టం రాయాలి, ధర కోలుకుంటే ఆ తగ్గింపును వెనక్కి తిప్పి లాభంగా చూపించాలి. 2020లో రాసిన నష్టాలు 2021లో చాలా కంపెనీలకు లాభాలుగా తిరిగొచ్చాయి, చేతికి మాత్రం ఒక్క డాలరు రాలేదు. అమెరికా పద్ధతిలో ఇలా వెనక్కి తిప్పడం కుదరదు. ఇంపీరియల్ ఆయిల్ పాటించేది అమెరికా పద్ధతి, సన్‌కోర్‌ది ఐఎఫ్‌ఆర్‌ఎస్. ఈ రెండిటి పీ/ఈ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతుంటారు. అందుకే నికర లాభాన్ని వదిలేసి నగదు చూడాలి.

కంపెనీ చేతికి నిజంగా వచ్చే ధర ఎంత?

టీవీలో చూపించే డబ్ల్యూటీఐ ధర ఓక్లహోమాలోని కుషింగ్‌లో అప్పజెప్పే తేలిక క్రూడ్‌ది. అల్బెర్టాలో అమ్మేది ఎక్కువగా బరువైన క్రూడ్. దాని ప్రామాణిక ధర పేరు డబ్ల్యూసీఎస్ (వెస్టర్న్ కెనడియన్ సెలెక్ట్). అల్బెర్టాలోని హార్డిస్టీ దగ్గర లెక్కిస్తారు, ఎప్పుడూ డబ్ల్యూటీఐ కంటే తక్కువే. ఆ తేడాలో ఒక భాగం నాణ్యతది. రెండో భాగం పైప్‌లైన్‌లో చోటుది, దెబ్బ కొట్టేది ఇదే. 2018 అక్టోబరు, నవంబరుల్లో పైప్‌లైన్లు నిండిపోయి తేడా 40 అమెరికన్ డాలర్లు దాటింది. చివరికి 2019 జనవరి నుంచి రోజుకు 3,25,000 బ్యారెళ్ళు ఉత్పత్తి తగ్గించాలని అల్బెర్టా ప్రభుత్వమే ఆదేశించింది.

2024 మే 1న ట్రాన్స్ మౌంటెన్ విస్తరణ మొదలైంది. దాని సామర్థ్యం రోజుకు 3 లక్షల బ్యారెళ్ళ నుంచి 8,90,000కి పెరిగింది, పసిఫిక్ తీరం మీదుగా ఆసియాకు, కాలిఫోర్నియాకు దారి దొరికింది. ఆ తర్వాత తేడా ఎక్కువ కాలం 10–15 డాలర్ల మధ్య ఉంటూ వచ్చింది. కొత్తగా చూసేవాళ్ళు ఇదే శాశ్వతం అనుకుంటారు. ఉత్పత్తి పెరుగుతూ పోతే పైప్‌లైన్లు మళ్ళీ నిండుతాయి. నేనైతే లెక్కల్లో 15 డాలర్ల తేడా పెట్టి, 20 అయితే ఏమవుతుందో కూడా చూస్తాను.

ఆయిల్ సాండ్స్ (చమురు కలిసిన ఇసుక నేలలు) నుంచి తీసే తారు లాంటి బిట్యుమెన్ అమ్మే కంపెనీ అయితే ఇంకో మెట్టు దిగాలి. బిట్యుమెన్ మరీ చిక్కగా ఉంటుంది, పైప్‌లో పారదు. అందుకని కండెన్సేట్ అనే పల్చటి హైడ్రోకార్బన్ ద్రవం కలుపుతారు, మిశ్రమంలో సుమారు 30 శాతం. ఈ కండెన్సేట్ ధర డబ్ల్యూటీఐకి దగ్గరగా ఉంటుంది, అంటే అమ్మే సరుకు కంటే కలిపే సరుకు ఖరీదు. లెక్క చూడండి: మిశ్రమం బ్యారెల్ 80 కెనడియన్ డాలర్లు, కండెన్సేట్ 95 అనుకుందాం. వంద బ్యారెళ్ళ మిశ్రమానికి 8,000 వస్తుంది. అందులో 30 బ్యారెళ్ళ కండెన్సేట్ ఖర్చు 2,850 పోతే మిగిలేది 5,150. దాన్ని 70 బ్యారెళ్ళ బిట్యుమెన్‌తో భాగిస్తే 73.57. డబ్ల్యూసీఎస్ ధర 80 అని రాసుకుని లెక్క వేసినవారు ప్రతి బ్యారెల్‌కూ ఆరు డాలర్లకు పైగా ఎక్కువ వేసుకున్నట్టే.

గ్యాస్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అల్బెర్టా గ్యాస్ ధర ఏకో. అమెరికా హెన్రీ హబ్ ధర కంటే ఇది సాధారణంగా తక్కువ. పైప్‌లైన్ మరమ్మతులు జరిగే వేసవుల్లో సున్నాకి దగ్గరగా, కొన్ని రోజులు సున్నాకి కిందికి కూడా వెళ్ళిన చరిత్ర ఉంది. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. కంపెనీలు ఉత్పత్తిని బీఓఈల్లో చెప్తాయి, అంటే ఆరు వేల ఘనపు అడుగుల గ్యాస్‌ను ఒక బ్యారెల్ చమురుతో సమానంగా కడతాయి. ఆ సమానత్వం వేడి శక్తిలోనే, డబ్బులో కాదు. ఏకో 2 డాలర్లయితే ఆ ‘బ్యారెల్’ విలువ 12 డాలర్లు. పక్కనే నిజమైన చమురు బ్యారెల్ 80, 90. కాబట్టి “రోజుకు లక్ష బీఓఈ” అన్న శీర్షిక చూసి పొంగిపోకండి. అందులో చమురు ఎంత, కండెన్సేట్ ఎంత, ప్రొపేన్ లాంటి ద్రవాలు ఎంత, పొడి గ్యాస్ ఎంత అని విడగొట్టి చూడండి. ఒక్కో బీఓఈకి ఇంత చెల్లించి కంపెనీని కొన్నారు అనే లెక్కలు కూడా ఇదే కారణంగా పనికిరావు.

బ్రిటిష్ కొలంబియా తీరంలోని కిటిమాట్‌లో, గ్యాస్‌ను ద్రవంగా మార్చి (ఎల్‌ఎన్‌జీ) ఎగుమతి చేసే ఎల్‌ఎన్‌జీ కెనడా ప్లాంటు నుంచి తొలి ఓడ 2025 వేసవిలో బయల్దేరింది. మొదటి దశ సామర్థ్యం ఏడాదికి 1.4 కోట్ల టన్నులు. దీనితో ఏకో ధర వెంటనే ఎగబాకుతుందని కొన్నవాళ్ళకు ఆశాభంగం ఎందుకయ్యిందంటే, ఆ ఊహతోనే ఉత్పత్తిదారులు ముందే బావులు తవ్వి పెట్టుకున్నారు. గ్యాస్ కంపెనీలో చూడాల్సింది దాని గ్యాస్ ఎక్కడెక్కడ అమ్ముడవుతుందన్నది: ఎంత శాతం ఏకో మీద, ఎంత అంటారియోలోని డాన్, ఎంత కాలిఫోర్నియా, ఎంత ఆసియా ఎల్‌ఎన్‌జీ ధరకు ముడిపడింది. ఈ పట్టిక కంపెనీ ప్రెజెంటేషన్‌లోనే ఉంటుంది. ముందుగా ధర ఖాయం చేసుకున్న హెడ్జింగ్ ఎంత, అది ఎప్పుడు ముగుస్తుంది అన్నది కూడా పక్కనే రాసుకోండి. మంచి హెడ్జ్ ఉన్న ఏడాది లాభాన్ని వచ్చే ఏడాదికీ పొడిగించకూడదు.

నిలబెట్టుకునే ఖర్చు

ఉత్పత్తి తగ్గకుండా నిలబెట్టడానికి ఏటా పెట్టాల్సిన ఖర్చు ఇది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఇదే. మోంట్నీ, డువర్నే లాంటి షేల్ (గట్టి రాతి పొరల) ప్రాంతాల్లో కొత్త బావి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా ఉత్పత్తి కోల్పోతుంది. పాత, కొత్త బావులన్నీ కలిపి చూస్తే కంపెనీ మొత్తం ఏడాదికి 25–35 శాతం తరిగిపోవడం మామూలే. ఆ లోటు పూడ్చడానికే డబ్బంతా తవ్వకంలో పోతుంటుంది. ఆయిల్ సాండ్స్ గనులు అలా కాదు. కట్టడానికి వేల కోట్ల డాలర్లు, పదేళ్ళు పట్టినా, ఒకసారి కట్టాక తరుగుదల చాలా తక్కువ. కొబ్బరి తోటకూ వరి మడికీ ఉన్న తేడా ఇది. తోటను మొదట పెంచి కాపుకు తేవడమే కష్టం, మడికి ప్రతి పంటకూ పెట్టుబడి కావాలి.

అందుకే రెండు కంపెనీలకు ఒకే నగదు వచ్చినా, ఒకటి అందులో మూడో వంతు ఖర్చుపెట్టి ఉత్పత్తి నిలబెట్టుకుంటుంది, మరొకటి మూడింట రెండు వంతులు పెట్టాల్సొస్తుంది. నిల్వలు ముప్పై, నలభై ఏళ్ళు వస్తాయని కంపెనీ గొప్పగా చెప్పుకున్నా, 10 శాతం డిస్కౌంట్ వేస్తే (రాబోయే డబ్బును ఏటా 10 శాతం చొప్పున తగ్గించి నేటి విలువ కడితే) ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చే డాలరు ఈ రోజు ఆరు సెంట్లు కూడా చెయ్యదు. నిల్వల ఆయుష్షు గొప్పతనం ఆ దూరపు బ్యారెళ్ళలో లేదు, ఈ ఏటి ఖర్చు తక్కువ కావడంలో ఉంది.

ఆవిరి పంపి బిట్యుమెన్ తీసే ప్రాజెక్టులకు ఇంకో కొలత ఉంది: ఒక బ్యారెల్ చమురుకు ఎన్ని బ్యారెళ్ళ నీటిని ఆవిరి చేయాలి అనే నిష్పత్తి. రెండు దగ్గరుంటే చాలా మంచి ప్రాజెక్టు. మూడున్నర, నాలుగు అయితే గ్యాస్ ఖర్చు, నీటి శుద్ధి ఖర్చు రెండూ పెరుగుతాయి. ఏటేటా ఆ నిష్పత్తి పైకి పాకుతుంటే మంచి భాగం అయిపోతోందని అర్థం.

రాయల్టీ (చమురు తీసినందుకు ప్రభుత్వానికి కట్టే వాటా) గురించి ఒక ముక్క. అల్బెర్టాలో ఆయిల్ సాండ్స్ ప్రాజెక్టు తన పెట్టుబడి తిరిగి రాబట్టుకునేదాకా మొత్తం ఆదాయంలో 1 నుంచి 9 శాతమే కడుతుంది. రాబట్టుకున్నాక నికర ఆదాయంలో 25 నుంచి 40 శాతం, లేదా ఆ 1–9 శాతం, ఏది ఎక్కువైతే అది. కెనడియన్ డాలర్లలో డబ్ల్యూటీఐ 55 నుంచి 120 వరకు పెరిగేకొద్దీ ఈ శాతాలు పెరుగుతాయి. ఒక ప్రాజెక్టు ఈ గీత దాటబోతుంటే వచ్చే ఏటి నగదు గత ఏడాదిలా ఉండదు. ఏ ప్రాజెక్టు ఏ దశలో ఉందో వార్షిక పత్రాల్లో రాస్తారు.

ఒక లెక్క మొత్తం చేసి చూద్దాం. ఇది ఊహా కంపెనీ, అంకెలన్నీ కెనడియన్ డాలర్లలో.

రోజుకు 40,000 బీఓఈ, అంటే ఏడాదికి 1.46 కోట్లు. అందులో 60 శాతం ద్రవాలు. అమ్మిన ధరలోంచి రాయల్టీ, ఉత్పత్తి ఖర్చు, రవాణా, ఆఫీసు ఖర్చు, వడ్డీ తీసేశాక బీఓఈకి 35 డాలర్లు మిగులుతోంది. ఏడాదికి నగదు 51.1 కోట్లు. ఉత్పత్తి నిలబెట్టే ఖర్చు 25 కోట్లు. మిగిలేది 26.1 కోట్లు. షేర్లు 20 కోట్లు, ధర 12 డాలర్లు, మార్కెట్ విలువ 240 కోట్లు. నికర అప్పు 60 కోట్లు. డివిడెండ్ షేరుకు 60 సెంట్లు, అంటే 5 శాతం, మొత్తం 12 కోట్లు.

పైపైన చూస్తే అద్భుతం. మార్కెట్ విలువ మీద మిగులు నగదు దాదాపు 11 శాతం, డివిడెండ్‌కు రెండింతలకు పైగా రక్షణ, అప్పు ఏడాది నగదుకు 1.2 రెట్లు.

ఇప్పుడు డబ్ల్యూటీఐ 15 అమెరికన్ డాలర్లు పడిందనుకోండి. ద్రవాలు ఏడాదికి 87.6 లక్షల బ్యారెళ్ళు. వాటిని 15తో, మారకం 1.35తో గుణిస్తే సుమారు 17.7 కోట్లు. రాయల్టీ కూడా తగ్గుతుంది కాబట్టి 15 శాతం తీసేస్తే కంపెనీకి తగిలే దెబ్బ 15 కోట్లు. నగదు 36 కోట్లకు దిగుతుంది. నిలబెట్టే ఖర్చు 25 కోట్లు పోగా మిగిలేది 11 కోట్లు. డివిడెండ్‌కు కావాల్సింది 12. ఏమీ దివాలా తీయలేదు, కానీ 15 డాలర్ల తగ్గుదలకే రక్షణ మొత్తం కరిగిపోయింది. అప్పు నిష్పత్తి 1.7కి ఎగబాకింది. ఈ కంపెనీ బ్రేక్ ఈవెన్ ఇప్పటి ధర కంటే సుమారు 14 డాలర్ల కింద ఉందన్నమాట. 5 శాతం డివిడెండ్ చూసి కొన్నవాళ్ళకు ఈ సంగతి ఏ స్క్రీనర్‌లోనూ (షేర్లను వడపోసి చూపే వెబ్‌సైట్‌లో) కనపడదు.

మీరు కొనదల్చిన ప్రతి కంపెనీకీ ఇదే లెక్క మూడు ధరల దగ్గర చేయండి: డబ్ల్యూటీఐ 50, 65, 80. పెద్ద కంపెనీలు కొన్ని డబ్ల్యూటీఐ ఒక డాలరు మారితే నగదు ఎంత మారుతుందో తామే పట్టికలో ఇస్తాయి. సన్‌కోర్, సెనోవస్ గైడెన్స్‌లో (కంపెనీ ముందుగా ఇచ్చే అంచనా పత్రంలో) ఇవి దొరుకుతాయి. అది ఉంటే మీ పని సులువు.

లెక్కలో వాడే నగదు అంకె విషయంలో రెండు హెచ్చరికలు. ‘అడ్జస్టెడ్ ఫండ్స్ ఫ్లో’ అనేది కంపెనీ తయారుచేసుకున్న అంకె, ప్రామాణికం కాదు. కొన్ని కంపెనీలు పాత బావులు మూసే ఖర్చును ఇందులోంచి తీసెయ్యకుండానే చూపిస్తాయి. అది తీసేసి చూడండి. రెండోది, అద్దె ఒప్పందాల కింద కట్టే అసలు కూడా నగదే, దాన్నీ తగ్గించాలి.

నిల్వల నివేదిక చదవడం

కెనడా మదుపరికి ఉన్న గొప్ప సౌకర్యం ఇది, వాడుకునేవాళ్ళు తక్కువ. ఎన్ఐ 51-101 అనే నియమం కింద ప్రతి కంపెనీ ఏటా నిల్వల వివరాలు బయటపెట్టాలి. లెక్కలు సాధారణంగా మెక్‌డానియల్, జీఎల్‌జే లాంటి స్వతంత్ర సంస్థలు చేస్తాయి. కెనడా కంపెనీల పత్రాలుండే సెడార్ ప్లస్ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి ‘యాన్యువల్ ఇన్ఫర్మేషన్ ఫారం’ తీయండి. డిసెంబరుతో ఏడాది ముగిసే కంపెనీలకు ఇది మార్చి చివరికల్లా వస్తుంది.

అందులో మూడు వరసలు చూడండి. ఇప్పటికే తవ్వి ఉత్పత్తిలో ఉన్న నిల్వలు, మొత్తం రుజువైన నిల్వలు, రుజువైనవీ సంభావ్యమైనవీ కలిపినవి. ప్రతిదానికీ 10 శాతం డిస్కౌంట్‌తో నేటి విలువ ఉంటుంది. పన్ను తర్వాతి విలువ తీసుకోండి, ప్రెజెంటేషన్లలో ఎక్కువగా పన్ను ముందరిదే వేస్తారు.

పై ఊహా కంపెనీకే చూద్దాం. ఉత్పత్తిలో ఉన్నవాటి విలువ 190 కోట్లు అనుకుంటే, అప్పు 60 తీసేస్తే 130, షేరుకు ఆరున్నర డాలర్లు. మీరు ఇచ్చేది 12. అంటే ఐదున్నర డాలర్లు ఇంకా తవ్వని బావుల మీద పెడుతున్నారు. సంభావ్య నిల్వలతో కలిపి 420 కోట్లు చూపిస్తే షేరుకు 18 వస్తుంది, చవకే అనిపిస్తుంది. కానీ ఆ 18 రావాలంటే రాబోయే ఏళ్ళలో ఎంత పెట్టుబడి పెట్టాలో అదే పత్రంలో ఉంటుంది, భవిష్యత్ అభివృద్ధి ఖర్చు అని. ఆ మొత్తం ఇప్పటి మార్కెట్ విలువకు దగ్గరగా ఉంటే ఆ 18 కాగితం మీద విలువే. నివేదికలో వాడిన ధరల అంచనా కూడా చూడండి. అందులోని డబ్ల్యూటీఐ ఇప్పటి ఫ్యూచర్స్ ధర (రాబోయే నెలల సరఫరాకు మార్కెట్‌లో పలికే ధర) కంటే బాగా ఎక్కువైతే విలువలన్నీ తగ్గించుకోవాల్సిందే.

ఒక బీఓఈ నిల్వను కొత్తగా చేర్చడానికి ఎంత ఖర్చైందో, ఆ బీఓఈ అమ్మితే ఎంత మిగులుతుందో పోల్చే నిష్పత్తి కూడా ఉంటుంది. రెండు రెట్లు దాటితే మంచి తవ్వకం. ఒక్క ఏడాది చూసి నమ్మకండి, మూడేళ్ళ సగటు చూడండి. భవిష్యత్ ఖర్చులో వచ్చిన మార్పును కూడా కలిపి లెక్కకట్టారో లేదో గమనించండి. కలపకపోతే ఆ అంకె అందంగా వస్తుంది.

మీకంటే ముందు వరసలో ఎవరున్నారు?

అప్పు ఇచ్చినవాళ్ళ కంటే ముందు కూడా ఒకరున్నారు: బావులు మూసి నేలను బాగుచేసే బాధ్యత. 2019 జనవరిలో రెడ్‌వాటర్ కేసులో కెనడా సుప్రీంకోర్టు, దివాలా తీసిన కంపెనీ ఆస్తులు ముందు ఈ బాధ్యతకే వెళ్ళాలని తీర్పు చెప్పింది. పాత, చిన్న బావులు వేల సంఖ్యలో ఉన్న కంపెనీల్లో ఇది అసలు అప్పు కంటే పెద్దది కావచ్చు. బ్యాలెన్స్ షీట్లో కనిపించే అంకె డిస్కౌంట్ చేసింది. ఒక కంపెనీ ప్రమాదరహిత వడ్డీ రేటు వాడుతుంది, మరొకటి తన అప్పు రేటు వాడుతుంది, అందుకే రెండిటినీ నేరుగా పోల్చలేం. నోట్స్‌లో డిస్కౌంట్ చేయని మొత్తం ఇస్తారు, దాన్ని పట్టుకోండి. ఆయిల్ సాండ్స్ గనుల్లో వ్యర్థజలాల చెరువులూ ఇందులోకే వస్తాయి.

అప్పుకు నా గీత: డబ్ల్యూటీఐ 50 దగ్గర నికర అప్పు ఏడాది నగదుకు రెండు రెట్లు దాటకూడదు. అప్పు ఏ కరెన్సీలో ఉందో కూడా చూడాలి. చమురు అమ్మేది అమెరికన్ డాలర్ ధరకు, ఖర్చులు కెనడియన్ డాలర్లలో. చమురు పడ్డప్పుడు కెనడియన్ డాలర్ కూడా తరచు బలహీనపడి దెబ్బను కొంత తగ్గిస్తుంది. అప్పు అమెరికన్ డాలర్లలో ఉంటే ఆ మేలు కొంత చేజారుతుంది.

డివిడెండ్ మోజులో ఈ అప్పులు పట్టించుకోకపోతే ఏమవుతుందో కెనడా చూసేసింది. 2000ల మొదట్లో ఎనర్జీ ఇన్‌కం ట్రస్టులు నెలనెలా భారీగా పంచేవి. నిలబెట్టే ఖర్చుకు చాలని డబ్బును కొత్త షేర్లు, అప్పులతో తెచ్చేవి. 2006 అక్టోబరు 31న ఫెడరల్ ప్రభుత్వం వాటి పన్ను మినహాయింపు తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత చమురు పతనం వచ్చింది. ఒకప్పుడు అందరి ఖాతాల్లో ఉన్న పెన్‌గ్రోత్ చివరకు షేరుకు 5 సెంట్లకు అమ్ముడైంది.

అందుకే షేర్ల సంఖ్య పదేళ్ళది ఒక వరసలో రాసుకోండి. ఉత్పత్తి రెట్టింపై, షేర్లు రెట్టింపు కంటే ఎక్కువైతే మీ వాటా తగ్గిందనే అర్థం. బైబ్యాక్ (కంపెనీ తన షేర్లు తానే కొనడం) చేస్తున్నామంటే ఏ ధర దగ్గర చేశారో చూడండి. స్టాక్ ఆప్షన్లుగా ఉద్యోగులకు ఇచ్చినవి పోను నికరంగా ఎన్ని తగ్గాయో అదే లెక్క.

సొంత రిఫైనరీలు ఉంటే రక్షణేనా? సగం నిజం. 2018లో డబ్ల్యూసీఎస్ కుప్పకూలినప్పుడు సన్‌కోర్, ఇంపీరియల్ తమ చవక క్రూడ్‌ను తామే శుద్ధి చేసి పెట్రోలు ధరకు అమ్ముకున్నాయి, దెబ్బ తక్కువ తగిలింది. 2020లో కథ మారింది. లాక్‌డౌన్‌లో పెట్రోలు కొనేవాళ్ళే లేరు, రిఫైనరీ కూడా కాపాడలేదు. సన్‌కోర్ త్రైమాసిక డివిడెండ్‌ను 46.5 సెంట్ల నుంచి 21 సెంట్లకు తగ్గించింది. అదే వసంతంలో కెనడియన్ నేచురల్ డివిడెండ్‌ను అలాగే నిలబెట్టింది. సన్‌కోర్ 2021 చివర్లో 42 సెంట్లకు తిరిగొచ్చింది. రిఫైనరీ కాపాడేది అల్బెర్టా ధరల తేడా నుంచి, గిరాకీ పతనం నుంచి కాదు.

పైప్‌లైన్ షేర్లు ఎన్‌బ్రిడ్జ్, టీసీ ఎనర్జీ, పెంబినా వేరే జాతి. వాటికి చమురు ధర కంటే వడ్డీ రేట్లు, ఒప్పందాల కాలం, అప్పు ముఖ్యం. పై లెక్కలేవీ వాటికి నేరుగా వర్తించవు. ప్రెయిరీస్కై, ఫ్రీహోల్డ్ లాంటి రాయల్టీ కంపెనీలకు (వేరేవాళ్ళు తవ్వితే అందులో వాటా తీసుకునేవి) తవ్వకం ఖర్చు ఉండదు, మూసే బాధ్యత దాదాపు ఉండదు. అందుకే అవి ఎప్పుడూ ఖరీదుగానే కనిపిస్తాయి, కొంత న్యాయంగానే.

ఖాతా, పన్ను

టీఎఫ్‌ఎస్‌ఏలో కెనడా డివిడెండ్‌కు పన్ను లేదు, మంచిదే. కానీ అక్కడ నష్టం వస్తే దాన్ని వేరే లాభంతో సర్దుకోలేరు, ఖాతాలో డబ్బు పెట్టే పరిమితి అంత మేరకు పోతే తిరిగి రాదు. ఇంత ఊగే షేర్లకు అది చిన్న విషయం కాదు. మామూలు ఖాతాలో అర్హమైన డివిడెండ్‌ను 38 శాతం పెంచి ఆదాయంలో చూపిస్తారు, తర్వాత పన్ను క్రెడిట్ ఇస్తారు. పిల్లలున్నవాళ్ళు గమనించాలి: చైల్డ్ బెనిఫిట్ లెక్కించేది ఆ పెంచిన ఆదాయం మీద. వెయ్యి డాలర్ల డివిడెండ్ అక్కడ 1,380గా కనిపిస్తుంది.

ఇండియాలో ఉండి కొనేవాళ్ళకు కెనడా 25 శాతం మూలంలోనే కోస్తుంది. రెండు దేశాల ఒప్పందంలోని 15 శాతం రేటు పదో వంతు ఓటింగ్ ఉన్న కంపెనీలకే, మనలాంటి చిన్న మదుపరులకు కాదు. ఇండియాలో మీ స్లాబ్ తక్కువైతే ఆ 25 మొత్తం క్రెడిట్‌గా తిరిగి రాదు. అమెరికాలో ఉన్నవారికి 15 శాతమే, ఐఆర్‌ఏ లాంటి రిటైర్మెంట్ ఖాతాలో సరిగా నమోదై ఉంటే అదీ ఉండదు.

ఎంత పెట్టాలి అన్నదానికి: టొరంటో ఇండెక్స్ ఫండ్ మీ దగ్గర ఇప్పటికే ఉంటే అందులో ఎనర్జీ గణనీయంగానే ఉంది, దాన్ని కలిపి లెక్కపెట్టండి. ఇది చదివే కాల్గరీ, ఎడ్మంటన్ వాళ్ళకు మరీ ముఖ్యంగా చెప్తున్నా. మీ ఉద్యోగం, ఇంటి ధర రెండూ ఇప్పటికే చమురుతో ముడిపడి ఉన్నాయి. పొదుపు కూడా అక్కడే పెట్టొద్దు.

మీ మూడు కంపెనీల్లో మొదట ఏం చూడాలంటే: కెనడియన్ నేచురల్‌లో నికర అప్పు, కొన్న ఆస్తులకు ఎంత పెట్టారన్నది. పాత డివిడెండ్లు పోల్చేటప్పుడు 2024 జూన్‌లో ఒక షేరు రెండైందని గుర్తుంచుకోండి. సన్‌కోర్‌లో రిఫైనరీలు, అప్‌గ్రేడర్లు (బిట్యుమెన్‌ను తేలిక క్రూడ్‌గా మార్చే ప్లాంట్లు) సామర్థ్యంలో ఎంత శాతం నడుస్తున్నాయన్నది. టూర్మలీన్‌లో గ్యాస్ ఎన్ని మార్కెట్లకు విస్తరించింది, డివిడెండ్లో మామూలుది ఎంత, ప్రత్యేకం ఎంత అన్నది. ప్రత్యేక డివిడెండ్‌ను వచ్చే ఏడాది ఆదాయంగా లెక్కేయకండి, వెబ్‌సైట్లు మాత్రం రెండూ కలిపి శాతం చూపిస్తాయి.

లెక్క మొదలుపెట్టేటప్పుడు నాలుగు త్రైమాసికాలూ కలిపి తీసుకోండి. ఆయిల్ సాండ్స్ ప్లాంట్ల పెద్ద మరమ్మతులు ఎక్కువగా రెండో త్రైమాసికంలో పెడతారు. ఆ మూడు నెలల ఉత్పత్తి తగ్గి, బ్యారెల్ ఖర్చు పెరిగి కనిపిస్తుంది. దాన్ని నాలుగుతో గుణిస్తే మంచి కంపెనీని వదిలేస్తారు, మొదటి త్రైమాసికాన్ని గుణిస్తే ఎక్కువ ధర ఇచ్చి కొంటారు.